పదివేల రోజుల పెద్దమ్మ

రోజు 9961

తేలుపురం యంత్రపాలకుల దినచర్య, ఏడో పుస్తకం. రాస్తున్నది గనగళ్ల పైడితల్లి, బి.ఎస్సీ., వయసు ఇరవై మూడు, ఉద్యోగంలో చేరి నేటికి పదకొండు రోజులు. ఈ పుస్తకాన్ని గంభీరంగానూ, సత్యంగానూ, కూర మరకలు పడకుండానూ రాయాలని అట్ట లోపల మూడు నియమాలున్నాయి. మొదటి రెండింటికీ నాదే పూచీ.

ముందుగా ఒక మనవి. మా ఊరి పేరులో ఉన్న తేలు నీళ్ళ మీద తేలే తేలు. కుట్టే తేలు కాదు. టపా పడవలో కొత్తగా వచ్చే ప్రతి మనిషీ దిగుతూనే కాళ్ళ కింద చూసుకుంటాడు. మేం వద్దని చెప్పం. మాకు ఉన్న కొద్దిపాటి వినోదాల్లో అదొకటి.

ఇవాళ పెద్దమ్మ చిట్టాలు కత్తిరించాను. పెద్దమ్మంటే మనిషి కాదు, ఊరి సర్వర్. నడిమి తెప్ప కింద ఇనప్పెట్టెలో, సముద్రపు చలవలో కూర్చుని నలభై తెప్పల ఊరినీ నడుపుతుంది. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేయించేది ఆమే. ఇడ్లీ పిండి ఎన్నింటికి రుబ్బాలో చెప్పేది ఆమే. పదహారు లంగరు తాళ్ళనీ పోటుకి వదిలి, ఆటుకి లాగేది ఆమే. చేసిన ప్రతి పనీ చిట్టాలో రాసుకుంటుంది. ఆ రాతల్ని ఎప్పటికప్పుడు కత్తిరించకపోతే డిస్కు నిండిపోయి, తెర మీద "కడుపు నిండిపోనాది" అని వస్తుంది. గోళ్ళు తీసుకోవడం లాంటి పని. చేస్తే ఎవరూ చూడరు, మానేస్తే అందరూ చూస్తారు.

"కడుపు నిండిపోనాది" నా చమత్కారం కాదు. పెద్దమ్మకి మాటలు నేర్పింది మొదటి యంత్రపాలకురాలు మైలపల్లి దాలమ్మ గారు. మనం ఇచ్చే ఆజ్ఞలూ, అది ఇచ్చే జవాబులూ అన్నీ ఆవిడ సొంత యాసలోనే ఉంటాయి. తెలియని ఆజ్ఞ కొడితే "ఏటది?" అంటుంది. హక్కు లేని ఫైలు ముట్టుకుంటే "నువ్వెవులు?" అంటుంది. మూడేళ్ళు డిగ్రీ చదివొచ్చి, మొదటి రోజే ఒక పెట్టె చేత "నువ్వెవులు?" అనిపించుకున్నాను. సరైన ప్రశ్నే. జవాబు ఇంకా ఆలోచిస్తున్నాను.

పాస్‌వర్డు మరిచిపోయి వచ్చినవారు ఏడుగురు. వారిలో ఆరుగురు కొత్త పాస్‌వర్డుగా పాతదే పెట్టుకుని, పాతది గుర్తొచ్చిందని సంతోషించారు.

రోజు 9966

టపా పడవ వచ్చింది. మూడు బస్తాల ఉల్లిపాయలు, ఒక కుట్టుమిషను, నాకో బిళ్ళ. బిళ్ళలో కొత్త కెర్నెల్ ఉంది. కెర్నెల్ అంటే యంత్రానికి వెన్నుపూస అనుకోవచ్చు. మిగతా ప్రోగ్రాములన్నీ నడుస్తుండగానే మార్చేయొచ్చు. వెన్నుపూస మార్చాలంటే మాత్రం మనిషిని ఒక్కసారి పడుకోబెట్టాలి. పెద్దమ్మ ఈ ఊరు పుట్టిన రోజు నుంచి ఒక్క క్షణం కూడా పడుకోలేదు. అందుకే ఇలాంటి బిళ్ళలు ఇంతకు ముందు పదిహేడు వచ్చి, పదిహేడూ నా సొరుగులో పడుకుని ఉన్నాయి.

నడిమి తెప్ప మీద ఒక బోర్డు ఉంది. పెద్దమ్మ ఆగకుండా ఎన్ని రోజుల నుంచి నడుస్తోందో ఆ లెక్కని రేకు అంకెలతో దాని మీద వేలాడదీస్తాం. ఊరి క్యాలెండరు అదే. పెళ్ళి ఎప్పుడయిందంటే "ఏడు వేల మూడొందల్లో" అంటారు. నేను పుట్టింది 1480లో.

ఇవాళ సరంగు గారు ఆ బోర్డుకి ఐదో అంకె కోసం ఐదో మేకు కొట్టించారు. సరంగంటే మా ఊరి పెద్ద, పడవ నడిపేవాడిలాగ ఊరినీ నడుపుతాడని ఆ పేరు. ఇప్పటి సరంగు అరిజిల్లి ముత్యాలు గారు. పదివేలో రోజున పండుగ. తప్పెటగుళ్ళు, పన్నెండు వందల మందికి భోజనాలు, సరంగు గారి ప్రసంగం. ప్రసంగం ఇప్పటికే తొమ్మిది పేజీలు అయిందని విన్నాం. ఊరు ధైర్యంగా ఉంది.

రోజు 9969

ఈ రోజు రాసేది నిజంగానే గంభీరంగా రాస్తున్నాను.

కొత్త కెర్నెల్‌లోకి దాలమ్మ గారి పాత నియమాలు చేర్చుదామని పాత కోడు చదువుతూ కూర్చున్నాను. వెన్నుపూసలోనే, లంగర్ల దగ్గర రెండు వరసలు కనపడ్డాయి. ఒకటి, రోజుల లెక్కకి నాలుగు అంకెల చోటు. రెండు, లెక్క 0000 అయితే పదహారు లంగర్లూ పైకెత్తు.

రెండోది ఎందుకో వెంటనే అర్థమైంది. సున్నా రోజు అంటే తెప్పల్ని టగ్గు పడవలు లాక్కొచ్చిన రోజు. ఆ రోజు లంగర్లు పైన ఉండాలి, లేకపోతే లాగలేరు. చక్కటి నియమం. ఇంకెప్పుడూ అవసరం రాని నియమం.

ఇప్పుడు మొదటి వరస మళ్ళీ చదవండి. 9999 తర్వాత నాలుగు అంకెల్లో ఏం పడుతుంది?

0000.

అంటే పండుగ రోజున, ఊరంతా విస్తళ్ళ ముందు కూర్చున్న వేళ, పెద్దమ్మ మహా శ్రద్ధగా పదహారు లంగర్లూ ఎత్తేస్తుంది. ఊరు ఎటు గాలి వేస్తే అటు బయల్దేరుతుంది. పప్పు వడ్డించే లోపు ఉత్తరానికి ఒక మైలు.

బోర్డుకి ఐదో మేకు కొట్టాం. యంత్రానికి ఐదో మేకు ఎవరూ కొట్టలేదు.

రోజు 9970

సరంగు గారి దగ్గరికి వెళ్ళాను. ప్రసంగం ఆరో పేజీ అద్దం ముందు చదువుకుంటున్నారు. నేను చెప్పింది చివరి దాకా విన్నారు. ఆయనలో ఆ మంచి గుణం ఉంది.

"అమ్మా పైడీ, నీకు నవ్వులాటెక్కువని ఊరంతా అంతాది. ఇది నవ్వులాటేటి?"

"కాదండీ. కోడు తెచ్చాను, చూపిస్తాను."

"సూపించకు, నాకు తెల్దు. మందేటో సెప్పు."

"కొత్త కెర్నెల్ సిద్ధం చేశానండీ. లంగర్ల నియమం తీసేశాను. అంకెలకి ఎనిమిది చోట్లు పెట్టాను. ఎక్కించాలంటే పెద్దమ్మని ఒక్కసారి ఆపి, మళ్ళీ లేపాలి."

"లేసినాక బోర్డు మీద లెక్కెంత?"

"సున్నా."

ఆయన ఆరో పేజీ మడిచారు. "పదివేల రోజుల పండక్కి సున్నా బోర్డెట్టమంతావు."

"అవునండీ."

"సరే, అదలగుండనీ. ఆపితే మళ్ళీ లేస్తాదా? పూచీ నువ్విస్తావా?"

నా బి.ఎస్సీ.లో ఆ పాఠం లేదు. నాకు తెలిసింది ఆపే ఆజ్ఞ ఒక్కటే. ఆపి మళ్ళీ లేపే ఆజ్ఞ ఏమిటో నాకు తెలీదు. బొత్తాం నొక్కి లేపుదామంటే, పెద్దమ్మ బొత్తాం నడిమి తెప్ప కింద, నీళ్ళలో, బిగించిన ఇనప్పెట్టె లోపల ఉంది. దాన్ని పైకి తీయాలంటే తీరం నుంచి క్రేను ఓడ రావాలి. రెండు నెలలు. ఈలోగా తాళ్ళు చూసేవారుండరు. మొదటి పౌర్ణమి పోటుకే అంచు తెప్పలు మునుగుతాయి.

"ముందు ఆ మాటేటో కనుక్కో" అన్నారు సరంగు గారు. "కనుక్కున్నాక రా."

రోజు 9973

కనుక్కోవడం మొదలెట్టాను. పెద్దమ్మకి చెల్లెలుంది, చిన్నమ్మ. అదే కోడు, అవే ఆజ్ఞలు, కానీ లంగర్లు లేవు, పైగా నా బల్ల మీదే ఉంటుంది. ప్రయోగాలన్నీ దాని మీదే. చెల్లెళ్ళ బతుకు ఇంతే. నేనూ చెల్లెల్నే, నాకు తెలుసు.

ఆజ్ఞల అసలు రాత ఎప్పుడో తుపానులో నీళ్ళు తాగి పోయింది. మిగిలింది ఒక చేతిరాత పట్టీ. అందులో సూపు, ఎతుకు, పీకీ, అలా వరసగా ఉండి, చివర్న "ఎల్లు: యంత్రం ఆగిపోతాది" అని ఉంది. దాని కింద అర పేజీ ఉప్పు తినేసింది.

"ఎల్లు" అని కొట్టాను. చిన్నమ్మ "ఎల్తన్నాను" అని ఆరిపోయింది. పది నిమిషాలు చూశాను. వెళ్ళిన మనిషి రాలేదు. బొత్తాం నొక్కి లేపాను.

తర్వాత నా చదువంతా బయటికి తీశాను.

"పునఃప్రారంభం." ఏటది?

"మళ్ళీ మొదలు." ఏటది?

"తిరిగి లే." ఏటది?

"లేచి కూర్చో." ఏటది?

"దయచేసి." ఏటది?

మధ్యాహ్నం దాలమ్మ గారి దగ్గరికి వెళ్ళాను. కళ్ళు మందగించాయని ఉద్యోగం మానేసి, ఇప్పుడు తూర్పు తెప్ప మీద నెత్తళ్ళు ఎండబెడుతున్నారు. వరసలు ఎంత నీటుగా పరిచారంటే, ఆ చేపల్ని చూస్తేనే ఆవిడ కోడు ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

"మామ్మా, పెద్దమ్మ పునఃప్రారంభ ఆజ్ఞ ఏమిటి?"

"ఏటది?"

యంత్రం ఎవరి దగ్గర నేర్చుకుందో అప్పుడు పూర్తిగా అర్థమైంది.

"అదే మామ్మా, ఆపేసి మళ్ళీ మొదలెట్టే మాట."

"మళ్ళీ మొదలెట్టడమేటే? నాను మొదలెట్టింది ఒక్క పాలే. మళ్ళీ మొదలెట్టీ మాట నాకాడ నేదు."

"మరి నాలుగంకెలే ఎందుకు పెట్టావు మామ్మా?"

ఆవిడ ఒక నెత్తల్ని తిరగేసి ఎండకి పెట్టారు. "ఆ ఏల సముద్రం ఊరు మింగీస్తే ఒదిలీసి తెప్పలెక్కినోళ్ళం. ఆర్నెల్లు తేల్తే సాలనుకున్నాం. వందల్లోనే అయిపోతాదనుకుని, పోన్లే అని ఇంకో అంకె ఎక్కువెట్టినాను. నాకేటి తెలుసే, మీరంతా పుట్టుకొస్తారని?"

దానికి నా దగ్గర హాస్యం లేదు. ఉన్నా వాడేదాన్ని కాదు.

"సరే మామ్మా, బై" అని లేచాను. ఎప్పుడూ ఎవరు లేచినా గుప్పెడు నెత్తళ్ళు పొట్లం కట్టిచ్చే మనిషి, ముఖం తిప్పుకున్నారు. ఏం తప్పు చేశానో తెలీలేదు. వినయంగానే అన్నాను.

రోజు 9981

లంగరు మేస్త్రి కోడా బండెయ్య మావ దగ్గర, లంగరు తాళ్ళు చుట్టుకునే పదహారు రాట్నాలనీ చేత్తో తిప్పే పిడులున్నాయి. ఇరవై ఏడేళ్ళ నుంచి వాటి మీద బట్టలారేస్తున్నారు. ఇవాళ బట్టలు తీసి తిప్పి చూశాం. ఒక రాట్నానికి నలుగురు.

"మావా, పెద్దమ్మ లేకుండా చేత్తో ఎంతసేపు ఆపగలరు?"

"పూటంతే ఆపుతాం కోడలా. రెండు పూటలంతే తిట్టుకుంతా ఆపుతాం. రెండు నెల్లంతే మమ్మల్నెవులాపుతారు?"

పోటు నిలబడ్డ వేళ, అంటే నీళ్ళు ఎక్కడం ఆగి, దిగడం ఇంకా మొదలవని ఒక గంట మాత్రం, తాళ్ళతో పని ఉండదట. ఆ గంట రాసుకున్నాను. ఉపయోగపడాలంటే ముందు ఆ మాట దొరకాలి.

రోజు 9985

చిట్టాలు కత్తిరించాను. కోళ్ళ గూడు తలుపు వేళ సరిచేశాను. ఎవరో ఇడ్లీ పిండి వేళ మార్చబోయి, ఊరి గంట వేళ మార్చారు. మధ్యాహ్నం మూడింటికి గంట మోగగానే సగం ఊరు లేచి పళ్ళు తోముకుంది.

చిన్నమ్మ ఇప్పటిదాకా "ఏటది?" అన్నది రెండు వందల పద్నాలుగు సార్లు. నిన్న విసిగిపోయి నా పేరు కొట్టాను. దానికీ అదే జవాబు.

రోజు 9990

తెప్ప సభ జరిగింది. సరంగు గారు ఉన్నదున్నట్టు చెప్పారు. నిర్ణయం ఇది. 9997 నాటికి లేపే మాట దొరికితే సరే. దొరక్కపోతే క్రేను ఓడకి కబురు, ఊరు ఖాళీ. పన్నెండు వందల మందీ తీరం శిబిరాలకి. రెండు నెలలు అంటారు గానీ, ఖాళీ చేసిన ఊళ్ళు రెండు నెలల్లో ఎక్కడా నిండలేదని అందరికీ తెలుసు. సభలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మా వాళ్ళు గట్టిగా మాట్లాడకపోతే అది మంచి సూచన కాదు.

దాలమ్మ గారు చివర్లో ఒక్క మాటన్నారు. "ఒక పాలి ఊరొదిలినాను. ఇంకో పాలి వొదల్ను. మీరెల్లండి."

తప్పెటగుళ్ళ వాళ్ళు వచ్చేసి, వెనక వరసలో వాయిద్యాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎటు చూడాలో తెలియక అందరూ వాళ్ళ కాళ్ళ గజ్జెలు చూశారు.

రోజు 9993

చేతులెత్తేశానని చెప్పుకుందామని దాలమ్మ గారి దగ్గరికే వెళ్ళాను. క్షమాపణ కూడా. ఆవిడ కట్టిన యంత్రం, ఊరు నా చేతికిచ్చింది, నలభై రోజులు తిరిగేసరికి దాన్ని ఆపే పరిస్థితి తెచ్చాను. తప్పు నాది కాదని నాకు తెలుసు. అయినా అలాగే అనిపించింది.

ఆవిడ వింటూనే చేపలు తిరగేస్తున్నారు. కాసేపు నేనూ తిరగేశాను. ఆవిడ పెట్టిన వరస చెడగొట్టానని నా చేతి మీద ఒకటిచ్చారు. ఇంక లేచాను.

"సరే మామ్మా. పోతాను."

చేపల బుట్ట దబ్బుమని కింద పెట్టారు.

"ఏటే గుంటా! పోతానంతావేటి? మొన్న ఆ బై ఏటి, ఈయేల ఈ పోతానేటి? పోతానని ఎవులంతారు? సచ్చినోళ్ళు పోతారు! సదువుకున్నావు కదేటి, గడప దిగినప్పుడు ఏటనాలో అదైనా నేర్పలేదా మీ కాలేజీలో?"

"ఏమనాలి మామ్మా?" భయపడే అడిగాను.

"ఎల్లొస్తాననాలి. అప్పుడు ఇంట్లోవోళ్ళు ఏటంతారు? ఎల్లిరా అంతారు. ఎల్లిరా అంతే ఎల్లినోళ్ళు వొస్తారు. ఒట్టి ఎల్లు అంతే…"

నేను నిలబడ్డ చోటే కూర్చున్నాను. ఒక వరస నెత్తళ్ళ మీద కూర్చున్నానని తర్వాత తెలిసింది.

"మామ్మా. పెద్దమ్మని ఎల్లు అంటే పోతుంది."

"పోతాది."

"మరి ఎల్లిరా అంటే?"

ఆవిడ నన్ను తెలివి తక్కువ మేకపిల్లని చూసినట్టు చూశారు.

"వొస్తాది. ఇంకేటి సేస్తాది?"

"ఇరవై రోజుల నుంచి తల బాదుకుంటున్నాను మామ్మా! ఎందుకు చెప్పలేదు?"

"నువ్వడిగితే కదా! నువ్వు పునపునా అని ఏదో అడిగినావు. మళ్ళీ మొదలెట్టడం అన్నావు. ఎల్లొచ్చినోళ్ళు మళ్ళీ మొదలెడతారేటి? ఎక్కడాపీసినారో అక్కణ్ణించి సేసుకుంతారు. ముందు ఆ సేపల మీంచి లెగు!"

రోజు 9994

చిన్నమ్మ ముందు కూర్చుని "ఎల్లిరా" కొట్టాను.

"ఎల్లొస్తాను" అంది. ఆరింది. నాలుగు నిమిషాలకి వెలిగింది. "వొచ్చీసినాను."

కుర్చీ పడేసుకుని, తలుపు తీసుకుని, సరంగు గారి ఇంటి దాకా పరిగెత్తాను. దారిలో కనిపించిన ప్రతివాళ్ళకీ "ఎల్లిరా" అని అరిచి చెప్పాను. వాళ్ళంతా ఎక్కడికి వెళ్ళాలా అని ఆలోచనలో పడ్డారు.

సరంగు గారు విన్నారు. చిన్నమ్మ దగ్గరికొచ్చి కళ్ళారా చూశారు. తర్వాత జేబులోంచి ప్రసంగం తీసి, తొమ్మిది పేజీలూ నిలువునా చింపారు.

"అయ్యో, అదెందుకండీ?"

"అందులో పదివేలు అనీ మాట నలభై సార్లుంది తల్లీ. సున్నా అని సదివితే బాగోదు." ముక్కలు సముద్రంలో పడేయబోయి, చేపలు తింటాయని జేబులో పెట్టుకున్నారు. "ఊరుంటే సాలు. లెక్క మళ్ళీ ఒకటి నించి ఎంచుకుందాం. పదివేలకని నాలుగు సున్నాలు సేయించినాను కదేటి? ఒకటి బోర్డుకెట్టీ. మిగతా మూడూ దాచు."

ఆయన ముఖం చూడలేక నేను చిన్నమ్మ తెర తుడిచాను. శుభ్రంగానే ఉంది.

రోజు 9998

పోటు నిలబడ్డ వేళ, పదకొండు గంటల పది నిమిషాలు. లేవగానే ఎక్కేలా కొత్త కెర్నెల్ సిద్ధంగా పెట్టాను. రాట్నానికి నలుగురు చొప్పున అరవై నలుగురు, వాళ్ళకి సలహాలివ్వడానికి మిగతా ఊరు. బండెయ్య మావ వాళ్ళకి సైగ చేయడానికి తెల్ల జెండా పట్టుకున్నాడు. సరంగు గారు చేతిలో ఒక రేకు సున్నాతో బోర్డు కింద నిలబడ్డారు. దాలమ్మ గారికి తెర ముందు కుర్చీ వేశాం.

"మీరే కొట్టండి మామ్మా."

"నాకు కళ్ళానవు. నువ్వే కొట్టు. కొడతా నోటితో కూడా అను. మెల్లిగా."

కొట్టాను. నోటితో కూడా అన్నాను.

ఎల్లిరా.

"ఎల్లొస్తాను" అంది పెద్దమ్మ. తెర నల్లబడింది.

మనం రోజూ వినే చప్పుడు ఆగితేనే అది ఉందని తెలుస్తుంది. నీళ్ళ పంపులు, రాట్నాల మోటార్లు, కాళ్ళ కింద సన్నటి గురగుర. అన్నీ ఒక్కసారి ఆగాయి. పుట్టినప్పటి నుంచి నేనా నిశ్శబ్దం వినలేదు. ఒక కోడి అరిచింది, దానికే సిగ్గేసి మానేసింది.

నాలుగు నిమిషాలు. రాలేదు.

ఐదు. ఆరు. బండెయ్య మావ జెండా పట్టుకున్న చెయ్యి మార్చుకున్నాడు. ఏడో నిమిషంలో తెర సగం వెలిగింది.

"ఉండండి. ఇల్లు సర్దుకుంతన్నాను."

"ఏటది?" అన్నాను దాలమ్మ గారితో. అవును, నేనే అన్నాను.

"డిస్కు తనిఖీ సేస్తన్నాది. ఇరవై ఏడేళ్ళ ఇల్లు. నువ్వైతే సర్దుకోవా?" అన్నారు. అన్నారే గానీ, ఆవిడ చెయ్యి నా చేతిని పట్టుకుని ఉంది. గట్టిగా.

తొమ్మిది. పది. నీళ్ళు దిగడానికి ఇంకా ముప్పావు గంట ఉందని నాకు తెలుసు. తెలియడం ఏ మాత్రం సాయం చేయలేదు.

పదకొండో నిమిషంలో కాళ్ళ కింద గురగుర మొదలైంది. ముందు పాదాలకి తెలిసింది, తర్వాత చెవులకి. పంపు దగ్గింది. రాట్నాలు ఒక్క బిగి బిగించి నిలబడ్డాయి. పదహారు లంగర్లూ కిందే ఉన్నాయి. తెర మీద రెండు వరసలు.

"వొచ్చీసినాను."

"రోజు 9998."

ఊరంతా ఒకేసారి అరిచింది. ఆ అరుపులో బోర్డు కింద సరంగు గారు రేకు సున్నా పట్టుకుని, పాత 9998ని మేకుల మీంచి తీయబోతున్నారు.

"సరంగు గారూ, తీయకండి! అలాగే ఉంచండి!"

"సున్నా కదేటి?"

"కాదండీ! తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై ఎనిమిదే!"

ఆయన సున్నాతోనే వచ్చి తెర చూశారు. నన్ను చూశారు. నేను దాలమ్మ గారిని చూశాను. చిన్నమ్మ మీద పరీక్షించిన రోజున ఈ సంగతి నాకు తెలీలేదు. దాన్ని పొద్దున్నే బొత్తాం నొక్కి లేపాను కాబట్టి లెక్క ఎలాగూ సున్నాలోనే ఉంది.

దాలమ్మ గారు చీర చెంగుతో ముఖం తుడుచుకుంటున్నారు. ఎండ అన్నారు.

"ఎల్లొస్తానని సెప్పి ఎల్లి, వొచ్చినోళ్ళని ఊరొదిలీసినట్టు లెక్కెడతారేటి?" అన్నారు. "ఎల్లు అంతే లెక్క తుడిసీమని రాసినాను. ఎల్లిరా అంతే దాసిపెట్టమని రాసినాను. మేం ఊరొదిలిననాడు ఎవులం ఆ మాటనలేకపోనాం. ఎవులికనాలి, ఊరే నేదు కదా. దీనికైనా ఆ మాటుండాలని ఎట్టినాను."

సరంగు గారు రేకు సున్నా కింద పెట్టారు. తర్వాత జేబులో చెయ్యి పెట్టి, గుప్పెడు కాగితం ముక్కలు బయటికి తీసి, నా వైపు దీనంగా చూశారు.

"పైడీ. ఇయి అతుకుతాయేటి?"

రోజు 10000

బోర్డు మీద ఐదంకెలు. నాలుగు సున్నాలూ వాడుకున్నాం. ఐదో మేకు పట్టింది.

ప్రసంగం అతకలేదు. సరంగు గారు ఖాళీ చేతులతో నిలబడి, "ఊరుంది. తినండి" అన్నారు. ఊరి చరిత్రలోనే ఇంత గొప్ప ప్రసంగం లేదని పన్నెండు వందల మందీ ఒప్పుకున్నారు. తప్పెటగుళ్ళ వాళ్ళు వేసిన గంతులకి నడిమి తెప్ప ఊగితే, పెద్దమ్మ రెండు తాళ్ళు బిగించింది. చిట్టాలో "ఏటా గోల?" అని రాసుకుంది. ఆ సందేశం నేను పెట్టలేదు. దాలమ్మ గారినడిగితే నవ్వి, పులుసు కలుపుకున్నారు.

తర్వాతి యంత్రపాలకులకి ఒక సూచన. కొత్త లెక్కకి ఎనిమిది అంకెలున్నాయి. మళ్ళీ సున్నా పడాలంటే రెండు లక్షల డెబ్బై మూడు వేల ఏళ్ళు పడుతుంది. అంతవరకూ కంగారు పడవద్దు. కానీ ఆ ఏడు ఎవరైనా పండుగ చేద్దామంటే, ఒక్కసారి కోడు చదవండి.

సొరుగులో ఉన్న పదిహేడు బిళ్ళలూ పాతవైపోయాయి గానీ, ఇక మీదట వచ్చే ప్రతి బిళ్ళనీ వచ్చిన నెలలోనే ఎక్కిస్తాను. పెద్దమ్మకి ఇప్పుడు వెళ్ళి రావడం అలవాటయింది.

ఈ పేజీ మీద మరక గురించి వివరణ. మధ్యాహ్నం దాలమ్మ గారి ఇంటి గడప దిగుతూ, సరిగ్గా నిలబడి, "ఎల్లొస్తాను మామ్మా" అన్నాను. ఆవిడ "ఎల్లిరా" అని రెండు గుప్పెళ్ళ నెత్తళ్ళు పొట్లం కట్టిచ్చారు. పొట్లం విప్పకుండా ఇల్లు చేరాలనుకున్నాను. మరకలు వద్దన్న మూడో నియమం తప్పింది. గంభీరంగా, సత్యంగా ఒప్పుకుంటున్నాను.